తిరుపతి జిమ్‌లో వారం వర్కౌట్ రాసుకోవడం: సోమవారం స్క్వాట్ వద్దు

బోర్డు మీద ఈరోజు వర్కౌట్ రాసేముందు నిన్న, మొన్న ఏం రాశారో చూడండి. నడుము పట్టినా, భుజం లాగినా కారణం చాలాసార్లు ముందు రెండు రోజుల బోర్డులోనే దొరుకుతుంది. అందుకే వారం మొత్తం ఒకేసారి కూర్చుని రాసుకోవాలి.

తిరుపతిలో ఆ లెక్క కొండ నుంచే మొదలుపెట్టాలి. శని, ఆదివారాల్లో నడిచి కొండెక్కేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. అలవాటు లేనివాళ్లకు పిక్కలు, తొడలు రెండు రోజులు పట్టేసి ఉంటాయి. నడిచే దిగినవాళ్లకు ఇంకా ఎక్కువ, ఎందుకంటే దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే ఒంటి బరువును ఆపాలి. శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్లు కూడా తక్కువేం కాదు, పెరటాసి నెలలో (సెప్టెంబరు, అక్టోబరు మధ్య) మరీను. కాబట్టి సోమవారం స్క్వాట్ (బరువుతో గుంజీలా కూర్చుని లేవడం), శనివారం ప్రాణం పెట్టి చేసే వర్కౌట్ రెండూ వద్దు.

మాకు సరిగ్గా కుదిరే వరస ఇది. సోమవారం ఓవర్‌హెడ్ ప్రెస్ (బార్‌ను తల పైకి నెట్టడం), పుల్-అప్స్, తర్వాత ఊపిరికి పని చెప్పే 10 నిమిషాల వర్కౌట్. మంగళవారం స్క్వాట్ 5 సెట్లు, సెట్టుకు 5 రెప్స్ (అంటే ఐదుసార్లు), చివర్లో 6 నిమిషాలు గట్టిగా. బుధవారం రోయింగ్ మిషన్ మీదో సైకిల్ మీదో 25 నిమిషాలు, పక్కవాళ్లతో మాట్లాడగలిగేంత వేగంలోనే. గురువారం సెలవు. శుక్రవారం డెడ్‌లిఫ్ట్ (నేల మీది బార్‌ను నిలబడేదాకా ఎత్తడం) 5 సెట్లు, సెట్టుకు 3 రెప్స్, తర్వాత 12 నిమిషాలు. శనివారం తేలిగ్గా: ఖాళీ బార్‌తో టెక్నిక్, ప్లాంక్, బరువులు మోస్తూ నడక. ఆదివారం కొండెక్కినవాళ్లతో మంగళవారం వార్మప్‌లో బరువు లేకుండా 10 స్క్వాట్లు తీయించి చూడండి. పూర్తిగా కిందికి కూర్చోలేకపోతే 5 సెట్లను 3 చేసి, బరువు పావు వంతు తగ్గించండి.

ఇక ఒక్కరోజు వర్కౌట్ సంగతి. ముందు ఎన్ని నిమిషాలో తేల్చుకోండి, వ్యాయామాలు తర్వాత. శుక్రవారానికి 12 నిమిషాల అమ్రాప్ అనుకుందాం, అంటే టైములోపు ఎన్ని రౌండ్లు వస్తే అన్ని. 200 మీటర్ల పరుగు, 10 బర్పీలు (నేలకు వాలి, లేచి గెంతడం), 16 కిలోల కెటిల్‌బెల్ (పిడి ఉన్న ఇనుప గుండు) ఛాతీ దగ్గర పట్టుకుని 12 స్క్వాట్లు. మామూలు మెంబర్‌కు పరుగు 70 సెకన్లు, బర్పీలు 50, స్క్వాట్లు 35, మధ్యలో మారడానికి 15. రౌండుకు 170 సెకన్లు, అంటే 12 నిమిషాల్లో నాలుగు రౌండ్లు దాటుతాయి. ఎవరికైనా మూడు కూడా రాకపోతే వాళ్లకు బరువో రెప్సో ఎక్కువయ్యాయి. 16 బదులు 8 లేదా 12 కిలోలు, 10 బర్పీల బదులు 6 ఇవ్వండి. ఆగి ఆగి చేస్తే ఊపిరి మీద పడాల్సిన పని విశ్రాంతిలో పోతుంది, ఆ వర్కౌట్ రాసిన ఉద్దేశమే దెబ్బతింటుంది. ఈ లెక్క బోర్డు ఎక్కకముందే కాగితం మీద అయిపోవాలి.

ఈ మూడింటిలో కెటిల్‌బెల్ స్వింగ్ ఎందుకు లేదంటే, అదేరోజు డెడ్‌లిఫ్ట్ ఉంది. రెండూ తుంటి దగ్గర వంగి లేచేవే, అలిసిన నడుముతో వేగంగా స్వింగ్ చేస్తే వీపు గుండ్రంగా వంగిపోతుంది. పట్టు విషయమూ ఇంతే. పుల్-అప్స్, డెడ్‌లిఫ్ట్, స్వింగ్ ఒకే వర్కౌట్‌లో పెడితే ఊపిరి ఇంకా మిగిలుండగానే వేళ్లు వదిలేస్తాయి. ఒకటి పట్టుకుని లాగేది పెడితే, రెండోది చేతులకు విశ్రాంతినిచ్చేది పెట్టండి.

సామాను కూడా లెక్కలోకి రావాలి. 12 మంది బ్యాచ్‌కు రోయింగ్ మిషన్లు రెండే ఉంటే బుధవారం ఇద్దరు రోయింగ్, మిగతావాళ్లు సైకిల్, స్కిప్పింగ్, నడక. 5 నిమిషాలకోసారి చోటు మారాలి. గంట క్లాసులో వార్మప్‌కు 12 నిమిషాలు, బరువులకు 18, వివరించి సామాను సర్దుకోవడానికి 8, వర్కౌట్‌కు 12, చివర స్ట్రెచింగ్‌కు 5 పోతే ఇంకో 5 చేతిలో ఉంటాయి. జనం ఎక్కువైన రోజు ఆ ఐదూ కరిగిపోతాయి. వార్మప్ మాత్రం కోయకండి.

ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. రేకుల షెడ్డులో సాయంత్రం 5 గంటల బ్యాచ్‌కు 12 నిమిషాలను 9 చేయండి, పరుగు తీసేయండి. చెమట పట్టిన ఒంటిమీద రోమాలు నిక్కబొడుచుకున్నా, కళ్లు తిరిగినా, మాట తడబడినా వెంటనే ఆపించి నీడలో కూర్చోబెట్టి తడిబట్టతో ఒళ్లు చల్లబరచాలి. మాట తడబడుతూనే ఉంటే చల్లబరుస్తూనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

కొత్తగా చేరినవాళ్లకూ, నెల మానేసి వచ్చినవాళ్లకూ మొదటి రెండు వారాలు బోర్డు మీదున్న రెప్స్‌లో సగమే. పాత బలం ఉందనుకుని వందల కొద్దీ పుల్-అప్స్, స్క్వాట్లు చేస్తే కండరం విరిగి అందులోని పదార్థం రక్తంలోకి చేరుతుంది, కిడ్నీల మీద పడుతుంది. చేతులు లేదా తొడలు వాచిపోయి విపరీతంగా నొప్పి, మూత్రం డికాక్షన్ రంగులోకి మారడం దాని గుర్తులు. ఒక్కటి కనిపించినా మర్నాటిదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి. ఈ మాట చేరిన మొదటి రోజే చెప్పాలి.

ప్రతి ఒక్కరితో రౌండ్ల పక్కనే వాడిన బరువు కూడా రాయించండి. నాలుగు వారాల తర్వాత ఇదే శుక్రవారం వర్కౌట్ మళ్లీ పెట్టండి. అదే బరువుతో అర రౌండు పెరిగితే వరస అలాగే ఉంచండి. బ్యాచ్‌లో చాలామందికి తగ్గితే బుధవారాన్ని 15 నిమిషాలకు దించి, ఇంకో రెండు వారాలు చూడండి.