డ్రాఫ్ట్ బోర్డులో టాలెంట్ ఎంత, క్యారెక్టర్ ఎంత: ఎన్ఎఫ్ఎల్ ఫ్యాన్స్ కోసం

ఏప్రిల్ నెలాఖరు వచ్చిందంటే ఎన్ఎఫ్ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే పెద్ద లీగ్) డ్రాఫ్ట్, అంటే టీములు కాలేజీ కుర్రాళ్ళని వంతులవారీగా ఎంచుకునే హడావుడి మొదలవుతుంది. డల్లాస్ చుట్టుపక్కల, న్యూజెర్సీలో, బే ఏరియాలో ఉండే మనవాళ్ళలో కూడా సొంతంగా డ్రాఫ్ట్ బోర్డు (ఎవరిని ఏ రౌండ్‌లో తీసుకోవచ్చో వరసగా పెట్టిన జాబితా) రాసుకునే పిచ్చి ఉన్నవాళ్ళు ఉన్నారు, ఈ పోస్టు వాళ్ళ కోసమే. అందరూ ఒకే చోట ఇరుక్కుంటారు: ఆట చూస్తే కుర్రాడు మొదటి రౌండ్‌కి తగ్గడు, వార్తలు చదివితే అసలు మనకి వద్దనిపిస్తుంది, మరి ఆ పేరు బోర్డులో ఎక్కడ పెట్టాలి?

కొత్తవాళ్ళకి రెండు ముక్కలు. 32 టీములు, ఏడు రౌండ్లు, కిందటేడాది చెత్తగా ఆడిన టీముకి ముందు వంతు. 2011లో జీతాల పద్ధతి మారాక కొత్త కుర్రాళ్ళకి ఎంత ఇవ్వాలన్నది పిక్ (ఎంచుకునే వంతు) నంబరును బట్టి దాదాపు ముందే ఖరారైపోయి ఉంటుంది, కాంట్రాక్టు నాలుగేళ్ళు, మొదటి రౌండ్ వాళ్ళకి టీము కావాలనుకుంటే ఐదో ఏడు కూడా. కాబట్టి తప్పు మనిషిని తీసుకుంటే డబ్బు కంటే ఎక్కువగా నష్టపోయేది ఆ పిక్, ఆ పొజిషన్‌లో రెండు మూడేళ్ళు.

ముందుగా చేయాల్సింది: పేరు పక్కన "క్యారెక్టర్ బాలేదు" అని రాయడం మానేయండి. ఏం చేశాడో రాయండి. ఎప్పుడు చేశాడో రాయండి. అలా రాసుకుంటూ పోతే అవన్నీ వాటంతటవే వేరువేరు కుప్పలుగా పడతాయి. మనుషుల్ని కొట్టడం, ఆడవాళ్ళ మీద చెయ్యి చేసుకోవడం, లైంగిక హింస లాంటివి ఒక కుప్ప, అంటే పక్కవాళ్ళకి హాని. గంజాయి, మందు, క్లాసులు ఎగ్గొట్టడం, టీము రూల్స్ తప్పడం మరో కుప్ప, అది ఎక్కువగా తనకి తాను చేసుకునే హాని. ఆట మీద శ్రద్ధ లేకపోవడం మూడోది. ఇక ఎక్కువ మాట్లాడతాడు, పొగరు, కోచ్‌తో వాదిస్తాడు లాంటివి కేవలం మనకి నచ్చకపోవడం, వాటిని కొట్టేయండి. 2011లో క్యామ్ న్యూటన్ గురించి ఒక స్కౌటింగ్ రిపోర్టు ఆయన నవ్వు కూడా నకిలీదే అని రాసింది. పాంథర్స్ మొదటి పిక్‌తో తీసుకున్నారు, 2015 సీజన్‌లో లీగ్ ఎంవీపీ (ఆ సీజన్ అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడు. నవ్వు చూసి మనిషిని తేల్చే రిపోర్టు మీద పిక్ పెట్టకూడదు.

తర్వాతది, రాసినదాంట్లో రుజువైనది ఎంత, గాలివార్త ఎంత. 2015లో లాయెల్ కాలిన్స్ అనే ఎల్ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) లైన్‌మన్ మొదటి రౌండ్‌లో పోతాడని అందరూ అనుకున్నారు. డ్రాఫ్ట్ వారంలోనే ఆయనకి తెలిసిన ఒక గర్భిణి హత్య జరిగింది, పోలీసులు ఆయనతో మాట్లాడాలన్నారు. అనుమానితుడు కాదని వాళ్ళే చెప్పినా సరే, ఏడు రౌండ్లు గడిచిపోయాయి, ఒక్క టీమూ పిలవలేదు. డ్రాఫ్ట్ అయ్యాక కౌబాయ్స్ సంతకం చేయించుకున్నారు, తర్వాత అక్కడే స్టార్టర్ అయ్యాడు. ఇలాంటి కేసులో మీ షీట్‌లో "పోలీసులు ప్రశ్నించాలనుకున్నారు" అని మాత్రమే ఉండాలి, దాని మీద ఇంకేమీ అల్లకూడదు.

మొదటి కుప్ప విషయంలో నా నియమం ఒకటే. గీత ఎక్కడ గీయాలో జనవరిలోనే, వీడియోలు చూడకముందే తేల్చుకోండి. ఎందుకంటే ఒకసారి ఆ పరుగు, ఆ బలం చూశాక మన మనసే మనల్ని మోసం చేస్తుంది, "వయసు చిన్నది కదా" "మారుంటాడులే" అని సర్దిచెప్పుకోవడం మొదలవుతుంది. పిక్‌లు నిర్ణయించే జీఎంలకీ (జనరల్ మేనేజర్లకీ) ఇదే జరుగుతుంది. నెబ్రాస్కాలో ఉన్నప్పుడు మాజీ స్నేహితురాలిని కొట్టి సస్పెండ్ అయిన లారెన్స్ ఫిలిప్స్‌ని 1996లో రామ్స్ ఆరో పిక్‌తో తీసుకున్నారు, అదే సమయంలో తమ దగ్గర అదే పొజిషన్‌లో ఆడుతున్న జెరోమ్ బెటిస్‌ని స్టీలర్స్‌కి ఇచ్చేశారు. 1997 సీజన్ మధ్యలోనే ఫిలిప్స్‌ని వదిలేయాల్సి వచ్చింది. బెటిస్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నాడు.

దీనికి ఎవరైనా వెంటనే టైరీక్ హిల్ పేరు చెప్తారు. నిజమే, గృహహింస కేసులో 2015లో నేరం ఒప్పుకున్న హిల్‌ని 2016లో చీఫ్స్ ఐదో రౌండ్‌లో, 165వ పిక్‌తో తీసుకున్నారు, 2020 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) కూడా గెలిచారు. ఆట లెక్కలో ఆ పిక్ బంగారం. కానీ ఒక ఆడమనిషి గొంతు పట్టుకున్న కేసుకి సూపర్ బౌల్ ఉంగరం ఎలా జవాబవుతుంది? అది గెలుపోటములు తేల్చే ప్రశ్న కాదు. అందుకే ఇలాంటి కేసులో నేరం ఒప్పుకున్నవాడు గానీ, శిక్ష పడ్డవాడు గానీ ఉంటే నా బోర్డులో ఆ పేరే ఉండదు, ఏడో రౌండ్‌లో కూడా. మీ గీత వేరే చోట ఉండొచ్చు, కానీ ఎక్కడో ఒక చోట ఉండాలి, రౌండ్‌ని బట్టి జరగకూడదు.

రెండో కుప్పకి మాత్రం ధర కట్టొచ్చు. లిటిగేషన్ ఉన్న స్థలం మార్కెట్ రేటు కంటే తక్కువకి వస్తుంది, ఆ గొడవ ఎలాంటిదో తెలిసినవాడు కొని బాగుపడతాడు, తెలియనివాడు కోర్టు చుట్టూ తిరుగుతాడు. ఇక్కడ చూడాల్సిన కేసు టైరన్ మాథ్యూ. 2011లో ఎల్ఎస్‌యూలో డిఫెన్స్‌లో ఆడుతూ హైస్‌మన్ (కాలేజీ ఫుట్‌బాల్‌లో అత్యుత్తమ ఆటగాడికిచ్చే అవార్డు) ఫైనలిస్టు అయ్యాడు, అది చిన్న విషయం కాదు. 2012 ఆగస్టులో డ్రగ్ టెస్టుల వల్ల టీములోంచి తీసేశారు, అదే ఏడాది అక్టోబరులో గంజాయి కేసులో అరెస్టయ్యాడు. 2013లో కార్డినల్స్ మూడో రౌండ్‌లో, 69వ పిక్‌తో తీసుకున్నారు. ఎందుకు కుదిరిందో చూడండి: సమస్య తనకి తాను చేసుకున్న హాని, ఆట మీద ఆకలి గురించి ఎవరికీ అనుమానం లేదు, క్రమం తప్పకుండా డ్రగ్ టెస్టులు చేయించుకోవడానికి ఒప్పుకున్నాడు, అన్నిటికంటే ముఖ్యం ఎల్ఎస్‌యూలో తనతో ఆడిన ప్యాట్రిక్ పీటర్సన్ అప్పటికే ఆ లాకర్ రూమ్‌లో ఉన్నాడు, వాడికి నేను హామీ అన్నట్టు నిలబడ్డాడు. 2015లో మాథ్యూ ఆల్ ప్రో (లీగ్‌లో ఆ ఏటి మేటి ఆటగాళ్ళ జట్టు) అయ్యాడు.

అందుకే షీట్‌లో ఇంకో గడి పెట్టుకోండి: "అక్కడ ఇతన్ని ఎవరు చూసుకుంటారు?" 1998లో రిసీవర్ (బంతి పట్టే ఆటగాడు) ర్యాండీ మాస్‌ని వద్దనుకుని టీములు వరసగా దాటేస్తే 21వ పిక్‌తో వైకింగ్స్ తీసుకున్నారు, ఆ ఏడాది 17 టచ్‌డౌన్ క్యాచ్‌లు పట్టాడు, రెగ్యులర్ సీజన్‌లో టీము 15 గెలిచి ఒక్కటే ఓడింది. ఆ లాకర్ రూమ్‌లో క్రిస్ కార్టర్ ఉన్నాడు, మత్తు అలవాట్ల వల్ల 1990లో ఈగల్స్ వదిలేస్తే మిన్నెసోటాకి వచ్చి నిలదొక్కుకున్న మనిషి. అలాంటివాడు పక్కన ఉన్న టీముకీ, ఏడాదికో కోచ్‌ని మార్చే టీముకీ ఒకే కుర్రాడి విలువ ఒకటి కాదు. నా లెక్క: రెండో కుప్పలో ఉన్నవాణ్ణి ఆటకి తగిన రౌండ్ నుంచి ఒక రౌండ్ దించుతాను, చూసుకునేవాళ్ళు లేని టీమైతే ఇంకోటి.

కొన్ని కేసులు ఏ కుప్పలోనూ సరిగ్గా ఇమడవు. 2023 జనవరిలో జార్జియా యూనివర్సిటీ టీముకి సంబంధించిన ఒక కారు ప్రమాదంలో ఒక ఆటగాడు, ఒక స్టాఫ్ ఉద్యోగిని చనిపోయారు, ఆ రాత్రి రేసింగ్, నిర్లక్ష్యపు డ్రైవింగ్ కేసులు అదే టీములో ఆడే జేలెన్ కార్టర్ మీద పడ్డాయి, కంబైన్ (డ్రాఫ్ట్‌కి ముందు లీగ్ కుర్రాళ్ళని పరీక్షించే శిబిరం) జరుగుతుండగానే వారెంటు వచ్చింది. ఆయన కోర్టులో వాదించకుండా ప్రొబేషన్‌కి ఒప్పుకున్నాడు. తనకి హానా, పక్కవాళ్ళకి హానా? రోడ్డు మీద ఆ రెండూ విడదీయలేం, నాకైతే అది ఈరోజుకీ కష్టంగానే ఉంటుంది. ఈగల్స్ తొమ్మిదో పిక్‌తో తీసుకున్నారు, అప్పటికే వాళ్ళ డిఫెన్స్‌లో జార్జియా కుర్రాళ్ళు ఉన్నారు.

మూడో కుప్ప గురించి పేపర్లలో పెద్దగా రాదు, కానీ పిక్‌లు ఎక్కువగా మునిగేది ఇక్కడే. 1998లో మొదటి పిక్‌కి ఏ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరే ఆటగాడు), పేటన్ మానింగా, రయన్ లీఫా అని నిజంగానే వాదించుకున్నారు. చార్జర్స్ రెండో పిక్‌తో తీసుకున్న లీఫ్ మొత్తం కెరీర్‌లో 14 టచ్‌డౌన్లు, 36 ఇంటర్‌సెప్షన్లు (అవతలి టీము పట్టేసుకున్న బంతులు). 2007లో మొదటి పిక్ అయిన క్వార్టర్‌బ్యాక్ జమార్కస్ రసెల్‌ది బంతి విసరడంలో చూడముచ్చటైన చెయ్యి, 2010కి రైడర్స్ వదిలేశారు.

శ్రద్ధని ఇంట్లో కూర్చుని ఎలా పసిగట్టాలి? హైలైట్లు కట్టేసి, టీము 20 పాయింట్లు వెనకబడ్డ మ్యాచ్‌లో నాలుగో క్వార్టర్ పెట్టండి. బంతి అవతలి పక్కకి పోయినప్పుడు మీ రిసీవర్ బ్లాక్ చేస్తున్నాడా, నడుస్తున్నాడా? డిఫెన్స్ లైన్‌మన్ అయితే పరుగు తనని దాటిపోయాక వెనకాల తరుముతున్నాడా? కంబైన్‌లో బరువు ఎంత, కాలేజీలో జరిగే ప్రో డే నాటికి ఎంత, ఈ రెండూ పక్కపక్కన రాయండి. జేలెన్ కార్టర్ ఆ మధ్యలో తొమ్మిది పౌండ్లు పెరిగి డ్రిల్స్ పూర్తి చేయలేకపోయాడు. ఒక్కదాన్ని బట్టి ఏదీ తేల్చకండి, మూడు నాలుగు మ్యాచ్‌ల్లో అదే కనిపిస్తే మాత్రం నేను ఆ పేరుని సగం బోర్డు కిందకి తోసేస్తాను, టాలెంట్ ఎంతున్నా సరే. మత్తు మానిపించడానికి డాక్టర్లున్నారు, ఆట మీద ఇష్టం పుట్టించే కోచ్‌ని నేనింకా చూడలేదు.

ఇక డ్రాఫ్ట్ రాత్రి. పెద్ద పేరు ఒకటి జారుతూ జారుతూ మీ టీము వంతు దాకా వస్తుంది, అప్పుడు "ఇంత చవగ్గానా!" అని చెయ్యి లాగేస్తుంది. 2014లో బ్రౌన్స్ పైకి ట్రేడ్ చేసి (పిక్‌లు ఇచ్చి ముందు వంతు తీసుకుని) మరీ 22వ పిక్‌తో జానీ మాంజెల్‌ని తీసుకున్నారు, 2016 మార్చికల్లా వదిలేశారు. టీముల దగ్గర మెడికల్ రిపోర్టులు, ఆంతరంగిక ఇంటర్వ్యూలు ఉంటాయి, మన దగ్గర ఉండవు, కాబట్టి ఇరవై టీములు దాటేశాయంటే ఆ సమాచారానికి కొంత విలువ ఇవ్వాలి. కాకపోతే మాస్‌ని కూడా చాలా టీములు దాటేశాయి. అందుకే ఆ రాత్రి బోర్డు మీద పేరు జరపడానికి నేను ఒప్పుకునేది ఒక్కటే, కొత్త వాస్తవం. 2016లో డ్రాఫ్ట్‌కి కొన్ని నిమిషాల ముందు లారమీ టన్సిల్ అకౌంట్‌లో ఎవరో పాత గంజాయి వీడియో పెడితే 13వ పిక్ దాకా జారాడు. అది రెండో కుప్ప, అదీ పాతది, ఒక రౌండ్ తగ్గింపు కంటే ఎక్కువ వేయాల్సిన పని లేదు, తర్వాత లీగ్‌లో మంచి లెఫ్ట్ టాకిల్స్‌లో (క్వార్టర్‌బ్యాక్‌ని కాచే లైన్‌మన్‌లలో) ఒకడయ్యాడు. మొదటి కుప్పకి చెందిన వార్త బయటపడితే మాత్రం ఆ పేరు తీసి పక్కన పెట్టేయండి. మొదటి రౌండ్ గురువారం, రెండు మూడు రౌండ్లు శుక్రవారం, మిగతావి శనివారం, అంటే మధ్యలో ఒక రాత్రి దొరుకుతుంది, పోలీసులు ఏమన్నారో చదివి పొద్దున్నే నిర్ణయించుకోవచ్చు.