లారీ లేకుండా లోడ్ల వ్యాపారం

పార్టీల సరుకుకు వేరేవాళ్ల లారీలు కుదిర్చే ఈ పనికి సొంత లారీ అక్కర్లేదు, కానీ చేతిలో డబ్బు ఆడాలి. సరుకు పంపే పార్టీ చాలాసార్లు 30, 45 రోజులకు గానీ బిల్లు కట్టదు. లారీ యజమానికి మాత్రం అడ్వాన్సు లోడింగ్ రోజే కావాలి. ఆ గడువు మోయగలిగినన్ని లోడ్లే ఒప్పుకోండి. కొత్త పార్టీకి నేనైతే పెద్ద అప్పు పెట్టను, ఎంత ఆశ చూపినా సరే.

లైసెన్సు పనులు ముందే ముగించి, ఒకే రూటు పట్టుకోండి. కిరాయిలు నోటికి వచ్చేస్తాయి. వెనక్కి వచ్చేటప్పుడు వేసుకునే తిరుగు లోడు కూడా చూపిస్తే లారీవాళ్లు రేటు తగ్గిస్తారు. కొత్త బండి అయితే ఇన్సూరెన్సు చూసి, యజమానితో మీరే మాట్లాడండి. మీ లోడును చెప్పకుండా ఇంకొకరికి అమ్ముకునే మధ్యవర్తులుంటారు. లారీ ఆగి ఎదురుచూస్తే పడే వెయిటింగ్ చార్జీ ఎవరిదో ముందే రాసుకోండి, గొడవలన్నీ అక్కడే. సరుకు ముట్టినట్టు సంతకం చేసిన రసీదు ఫొటో అదే రోజు తెప్పించి, బిల్లుకు జతచేసి పంపేయండి.