సేల్‌లో స్ట్రెయిట్ రేజర్ (మడిచే మంగలి కత్తి) కొనబోతున్నారా? ముందు వెన్ను చూడండి

పండుగ సేల్స్ మొదలయ్యాయి. మారతహళ్ళి వైపు ఒక కుర్రాడు రూ.900 పెట్టి కొన్న ‘జర్మన్’ రేజర్‌తో దవడ కింద కోసుకుని కుట్లు వేయించుకున్నాడని మొన్న మన బెంగళూరు తెలుగువాళ్ళ గ్రూపుల్లో ఫోటో తిరిగింది. ఆ కత్తికి పదును ఎక్కువై కాదు, పదును లేక నొక్కితే తెగింది. గొరగని కత్తిని నొక్కకండి.

పేర్ల సంగతి

జర్మనీలోని సోలింగెన్ (Solingen) ప్రాంతంలో తయారైన కత్తుల మీదే ఆ పేరు వేయాలని అక్కడ 1938 నుంచీ చట్టం ఉంది. అందుకే ‘సోలింగెన్ స్టైల్’, ‘జర్మన్ స్టీల్’ అని రాసి తప్పించుకుంటారు. లిస్టింగ్‌లో ‘కంట్రీ ఆఫ్ ఆరిజిన్’ చూడండి. అక్కడ వేరే దేశం ఉండి, ఫోటోలో బ్లేడు మీద సోలింగెన్ అని ఉంటే వదిలేయండి. అసలు సోలింగెన్ కత్తి కొత్తది జర్మనీలోనే 100 యూరోలు దాటుతుంది.

ఉక్కు ‘440’ అని మాత్రమే రాస్తే ఏ రకమో అడగండి. 440సిలో కార్బన్ 1 శాతం అటూఇటూ ఉంటుంది, 440ఎలో 0.75 దాటదు. కార్బన్ ఎక్కువ ఉంటే పదును నిలుస్తుంది. ‘డమాస్కస్’ (గీతల డిజైను ఉండే ఉక్కు) అంటే బ్లేడు వెన్ను, అంటే అంచుకు ఎదురుగా ఉండే మందమైన వైపు, పైనుంచి తీసిన ఫోటో అడగండి. ఉక్కులో ఉన్న గీతలు వెన్ను దాటి అటువైపుకు దిగుతాయి. పైపైన అచ్చేసినవి వెన్ను దగ్గరే ఆగిపోతాయి.

పార్సిల్ వచ్చాక

సానరాయి మీద వెన్నూ అంచూ రెండూ ఆనతాయి కాబట్టి పదును కోణం వెన్ను మందాన్ని బట్టే వస్తుంది. బ్లేడు వెడల్పు 16 మి.మీ. అయితే వెన్ను 4–5 మి.మీ. ఉండాలి, అప్పుడు కోణం 14–18 డిగ్రీలు. వెన్ను 7 మి.మీ. ఉంటే 25 డిగ్రీలు దాటుతుంది. అలాంటిదాన్ని ఎంత నూరినా గడ్డం పీకుతుందే గానీ గొరగదు. ఎస్పీ రోడ్డులో దొరికే మామూలు డిజిటల్ వెర్నియర్ చాలు కొలవడానికి.

తర్వాత పిడి బయటికి ఉండేలా బ్లేడును అద్దం పలక అంచున పడుకోబెట్టి, మొన మీద వేలితో మెల్లగా తట్టండి. టకటకమని ఊగితే బ్లేడు వంకర. మూసినప్పుడు అంచు పిడికి రాసుకుంటుంటే అది కూడా వెనక్కి పంపాల్సిందే.

ఇక్కడే చాలామంది దెబ్బతింటున్నారు. వంకర కత్తి, మందపు కత్తి చేతిలో ఎలా ఉంటాయంటే, ‘నాకింకా చేయి తిరగలేదు’ అనిపించేలా ఉంటాయి. తప్పు తమదేననుకుని నొక్కుతారు. చర్మం అంచు ముందు ఉబ్బుతుంది, కత్తి పట్టుకుని ఒక్కసారిగా జారుతుంది. మంచి కత్తికి చర్మం మీద 30 డిగ్రీల వాలు, దాని బరువు చాలు. నొక్కకండి.

పార్సిల్ విప్పుతూ వీడియో తీయండి.

రిటర్న్ గడువులోపే కొలతలు పూర్తి చేయండి. సానరాయి తగిలించాక వెనక్కి తీసుకోరు.

బొటనవేలితో పదును చూడొద్దు. ముంజేతి వెంట్రుకల మీద చూడండి.

వీధిలో చక్రం మీద సాన పట్టేవాళ్ళకి ఇవ్వొద్దు. పల్చటి అంచు వేడికి నీలం తిరిగిందంటే ఉక్కు మెత్తబడిపోయినట్టే, ఇక పదును నిలవదు.

మొదటిసారి చెంప వరకే. మెడ జోలికి వెళ్ళొద్దు.

ఇంకొకరికి ఇవ్వొద్దు. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కనీసం 7 రోజులు బతుకుతుంది.

పీకుతోందా? ఆపండి. మామూలు రేజర్‌తో ముగించండి. నొక్కొద్దు.

అమ్మినవాళ్ళు డబ్బు తిరిగి ఇవ్వం అంటే ఆ వీడియో, కొలతల ఫోటోలు దగ్గర పెట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.