అడవి పక్షుల్లో కలుషితాలను కొలవడం: గూటి నుంచి ప్రయోగశాల దాకా

అడవి పక్షుల శరీరంలో పాదరసం, సీసం, పురుగుమందుల అవశేషాలు ఎంత చేరాయో తెలుసుకోవాలని పని మొదలుపెట్టేవారిలో చాలామంది ముందుగా యంత్రాల గురించి, పరీక్షల ఖర్చు గురించి ఆలోచిస్తారు. నిజానికి ఈ పరిశోధన గట్టెక్కినా చెడిపోయినా అది ఎక్కువగా గూడు దగ్గరే జరుగుతుంది. ఏ కాలానికి, ఏ ప్రాంతానికి సంబంధించిన ప్రశ్న అడుగుతున్నామో తేల్చుకోకుండా తెచ్చిన నమూనాను ఎంత ఖరీదైన పరికరంలో పెట్టినా ప్రయోజనం ఉండదు.

కాబట్టి ముందుగా ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసుకోవాలి. ఏ కణజాలం తీసుకోవాలో ఆ వాక్యమే చెబుతుంది. పక్షికి ఇటీవలి వారాల్లో సీసం అందిందా అన్నది ప్రశ్న అయితే రక్తం తీసుకోవాలి, ఏళ్ల తరబడి పోగుపడిందా అన్నది ప్రశ్న అయితే చనిపోయిన పక్షి ఎముకను పరీక్షించాలి. ఎలుకల మందు అవశేషాలను కాలేయంలో వెతకాలి. తల్లి నుంచి పిల్లకు ఏమి సంక్రమిస్తోందో గుడ్డు చెబుతుంది.

ఈకను తేలికైన నమూనా అనుకుంటారు గానీ అందులో ఒక మెలిక ఉంది. ఈకకు రక్తప్రసరణ అందేది అది పెరుగుతున్న రోజుల్లో మాత్రమే. ఆ రోజుల్లో రక్తంలో ఉన్న మిథైల్ మెర్క్యురీ (జీవుల్లో పేరుకునే పాదరస రూపం) ఈకకు మూలమైన కెరటిన్ అనే ప్రోటీన్‌లోని గంధకాన్ని పట్టుకుని అక్కడే నిలిచిపోతుంది. అందుచేత వలస పక్షి ఈకలో కనిపించిన పాదరసం మీరు దాన్ని పట్టుకున్న చిత్తడి నేలది కాకుండా, ఎన్నో వేల కిలోమీటర్ల అవతల ఈకలు మార్చుకున్న చోటిది కావచ్చు. స్థానిక పరిస్థితి తెలియాలంటే గూటిలోనే ఈకలు వచ్చిన పిల్లల నుంచి తీసుకోవడం మేలు. సీసం విషయంలో మాత్రం నేను ఈకను నమ్మను, ఎందుకంటే గాలి నుంచి పైన పడిన దుమ్ము ఎంత కడిగినా పూర్తిగా పోదు.

పక్షులను పట్టడానికి, గుడ్లు తీయడానికి వన్యప్రాణి శాఖ అనుమతి, జంతు నైతికత కమిటీ ఆమోదం ముందే ఉండాలి. రక్తాన్ని సాధారణంగా రెక్క కింది సిర నుంచి తీస్తారు. ఒకసారి తీసే రక్తం శరీర బరువులో ఒక శాతం దాటకూడదన్నది విస్తృతంగా పాటించే నియమం. అంటే 50 గ్రాముల పక్షి నుంచి 0.5 మిల్లీలీటరుకు మించి తీయకూడదు. చనిపోయిన పక్షి దొరికితే బర్డ్ ఫ్లూ ఉండవచ్చునన్న జాగ్రత్తతో, చేతి తొడుగులు, మాస్కు లేకుండా ముట్టుకోవద్దు.

గుడ్ల విషయంలో మరింత ఓపిక కావాలి. మురిగిపోయిన గుడ్లను మాత్రమే ఏరుకుంటే గూటికి నష్టం లేదు గానీ, కలుషితం వల్లే మురిగిన గుడ్లు ఎక్కువగా చేతికొస్తే సగటు పైకి జరుగుతుంది. తాజా గుడ్లు తీసే అనుమతి ఉంటే ప్రతి గూటి నుంచీ ఒకే వరుసలోని గుడ్డును, ఉదాహరణకు ఎప్పుడూ రెండోదాన్నే తీసుకోవాలి, ఎందుకంటే పెట్టిన క్రమాన్ని బట్టి కూడా మోతాదు మారుతుంది. గుడ్డును అలాగే గడ్డకట్టిస్తే పెంకు పగులుతుంది. ముందుగా వెర్నియర్ కాలిపర్స్‌తో పొడవు, వెడల్పు కొలిచి, నడుము చుట్టూ స్కాల్పెల్‌తో కోసి, లోపలి పదార్థాన్ని శుభ్రమైన సీసాలోకి ఒంపాలి.

పొదిగే కాలంలో గుడ్డు నీటిని కోల్పోతుంది కాబట్టి లోపలి కలుషితం ఉన్నదానికంటే చిక్కగా కనిపిస్తుంది. దీన్ని సరిచేయడానికి 0.51ని పొడవుతోనూ వెడల్పు వర్గంతోనూ గుణించి ఘనపరిమాణం కడతారు. పొడవు 5 సెంటీమీటర్లు, వెడల్పు 4 సెంటీమీటర్లు అయితే అది 40.8 మిల్లీలీటర్లు. లోపలి పదార్థం 30 గ్రాములే మిగిలి, కిలోకు 4 మిల్లీగ్రాముల అవశేషం కనిపించిందనుకోండి. తాజా గుడ్డులో ఒక మిల్లీలీటరును సుమారు ఒక గ్రాముగా లెక్కించి, 4ను 30తో గుణించి 40.8తో భాగిస్తే అసలు విలువ సుమారు 2.9 అని తేలుతుంది.

కొన్ని పురుగుమందుల వల్ల గుడ్డు పెంకు పలచబడుతుంది కాబట్టి దాన్నీ కొలుస్తారు. పెంకును కడిగి, బరువు స్థిరపడేదాకా గది ఉష్ణోగ్రతలో ఆరనిచ్చి, నడుము దగ్గర కొన్ని చోట్ల మైక్రోమీటర్‌తో మందం కొలవాలి; లోపలి పొరతో కలిపి కొలిచారా, లేకుండానా అన్నది తప్పక రాయాలి. 1967లో డెరెక్ రాట్‌క్లిఫ్ అనే పరిశోధకుడు బ్రిటన్‌లో పెరెగ్రిన్ డేగల గుడ్డు పెంకులు 1940ల చివరి నుంచి పలచబడ్డాయని చూపడానికి పాత సేకరణల్లోని పెంకుల బరువును పొడవు వెడల్పుల లబ్ధంతో భాగించాడు. పెంకును పగలగొట్టకుండా పోల్చే వీలున్నందున ఆ సూచీ నేటికీ పనికొస్తుంది. మ్యూజియం ఈకల్లో పాదరసం కొలిచేవారు మాత్రం, పాత చర్మాలను మెర్క్యురిక్ క్లోరైడ్‌తో భద్రపరిచేవారని గుర్తుంచుకుని, మొత్తం పాదరసాన్ని కాక మిథైల్ మెర్క్యురీని విడిగా కొలవాలి.

నమూనా ఎక్కడ నిల్వ ఉంటుందన్నది చిన్న విషయం కాదు. పురుగుమందుల కోసమైతే ద్రావణితో కడిగిన గాజు సీసా లేదా అల్యూమినియం రేకు, లోహాల కోసమైతే ఆమ్లంతో కడిగిన ప్లాస్టిక్ డబ్బా, పీఎఫ్ఏఎస్ రసాయనాల (నీరు, నూనె అంటని పూతల్లో వాడే, త్వరగా విచ్ఛిన్నం కాని ఫ్లోరిన్ రసాయనాలు) కోసమైతే టెఫ్లాన్ తగలని పాలీప్రొపిలీన్ గొట్టం వాడాలి. వానకోటుకు పూసిన పూత కూడా ఈ చివరి కోవకు చెందినదై ఉండవచ్చు. ఒక ఖాళీ సీసాను నమూనాలు సేకరించే చోట తెరిచి, మూసి, మిగతా నమూనాలతో పాటే పరీక్షకు పంపితే దారిలో చేరిన కలుషితం బయటపడుతుంది.

ఫలితాలు వచ్చాక, పరికరం పట్టుకోలేని విలువలను సున్నాగా రాయకూడదు. గుర్తింపు పరిమితి కంటే తక్కువ అని రాసి, అలాంటి దత్తాంశానికి తగిన గణాంక పద్ధతి వాడాలి. విలువ తడి బరువుకా, పొడి బరువుకా, కొవ్వు బరువుకా అన్నది లేని పట్టిక ఇతరులకు పనికిరాదు.

చివరగా, పక్షిలో రసాయనం కనిపించినంత మాత్రాన అదే చంపిందని అనలేము. 2004లో ప్రచురితమైన పాకిస్తాన్ రాబందుల అధ్యయనాన్ని ఇక్కడ గమనించాలి: అంతర్గత అవయవాలపై యూరిక్ ఆమ్లం పేరుకుని చనిపోయిన 25 రాబందుల మూత్రపిండాల్లోనూ పశువులకు నొప్పి, వాపు తగ్గించడానికి ఇచ్చే డైక్లోఫెనాక్ అనే మందు ఉంది, వేరే కారణాలతో చనిపోయిన 13 రాబందుల్లో ఒక్కదానిలోనూ లేదు. అక్కడితో ఆగకుండా, ఆ మందు ఇచ్చిన పశువుల మాంసాన్ని బంధనంలోని రాబందులకు పెట్టి అవే లక్షణాలు వస్తున్నాయని కూడా నిర్ధారించారు.