పొయ్యి వెలగని రోజుకు ఇంట్లోనే రెడీ భోజనం ప్యాకెట్లు: ఎలా చేయాలి?

హైదరాబాద్‌లో పెద్ద వాన పడి కాలనీలోకి నీళ్లొస్తే ముందు పోయేది కరెంటు. సెల్లార్‌లో మోటారు మునుగుతుంది, సంపులో మురుగునీరు కలుస్తుంది, లిఫ్టు ఆగిపోతుంది. ఇండక్షన్ స్టవ్ మీదే వండుకునే ఇంట్లో బియ్యం బస్తా నిండుగా ఉన్నా గిన్నెడు అన్నం ఉడకదు. 2020 అక్టోబర్ 13న ఘట్‌కేసర్ వైపు 30 సెంటీమీటర్లు దాటిన ఆ వానకు, టోలిచౌకి దగ్గర నదీం కాలనీ లాంటి చోట్ల రోజుల తరబడి నీళ్లు తగ్గలేదు. అలాంటప్పుడు ఇంట్లో మూడు రోజులకు సరిపడా, పొయ్యి అవసరం లేని తిండి ఉండాలి. పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న ఇళ్లలో ఇది మరీ ముఖ్యం. దానికి కావలసినవన్నీ మామూలు కిరాణా సరుకులే.

మొదట ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి: తిండిని పాడుచేసేది తేమ. బూజుకైనా బ్యాక్టీరియాకైనా పెరగడానికి నీరు కావాలి. కాబట్టి ఇంట్లో నిల్వ భోజనం అంటే బాగా వేయించి ఆరబెట్టిన పొడి మిక్స్ చేసుకోవడమే. తినే ముందు నీళ్లు కలుపుకుంటాం. వండిన పప్పునూ కూరనూ సీసాల్లో పెట్టి దాచే ప్రయత్నం వద్దు. ఎందుకో కింద చెప్తాను.

చేయడానికి సరైన కాలం ఏప్రిల్, మే. ఆవకాయ పెట్టుకునే రోజుల్లోనే ఈ పని కూడా పెట్టుకోండి. గాలి పొడిగా ఉంటుంది, వేయించినది చల్లారేలోపు మెత్తబడదు. జులైలో ముసురు పట్టిన రోజు చేస్తే పళ్లెంలో ఆరబెట్టిన అటుకులు గంటలో సాగుతాయి.

పులిహోర అటుకులు

నా ఓటు అటుకులకే. ఇవి ముందే ఉడికి ఎండినవి కాబట్టి చల్లటి నీళ్లలోనూ నానుతాయి. రవ్వతో ఆ పని కాదు.

కావలసినవి: మీడియం అటుకులు అర కిలో, పల్లీలు 100 గ్రాములు, పుట్నాలు 50 గ్రాములు, ఎండుమిర్చి ఎనిమిది, రెండు గుప్పిళ్ల కరివేపాకు, నూనె నాలుగు టేబుల్ స్పూన్లు, ఆవాలు, పసుపు ఒక్కో టీ స్పూను, ఇంగువ అర స్పూను, ఆమ్‌చూర్ (ఎండు మామిడి) పొడి మూడు స్పూన్లు, ఉప్పు రెండు స్పూన్లు. ఉప్పు అంతకంటే పెంచకండి. నీళ్లు కొలిచి తాగాల్సిన రోజుల్లో దాహం పెంచే తిండి పనికిరాదు.

1. కరివేపాకు కడిగి, పొడి బట్ట మీద రాత్రంతా ఆరబెట్టండి. తడి ఆకు ఒక్కటి పడినా డబ్బా మొత్తం పోతుంది.

2. మందపాటి బాణలిలో అటుకుల్ని రెండు మూడు విడతలుగా, సన్నటి సెగ మీద వేయించండి. రంగు మారక్కర్లేదు. ఒక అటుకు తీసి వేళ్ల మధ్య నలిపితే టక్కున విరిగి పొడి కావాలి. వంగిందంటే లోపల ఇంకా తేమ ఉన్నట్టే, మరో రెండు నిమిషాలు తిప్పండి.

3. అదే బాణలిలో ఉప్పును కూడా ఒక నిమిషం వేడి చేయండి. ఉప్పు గాలిలోని చెమ్మను పట్టుకుని ఉంటుంది, దాన్ని చాలామంది పట్టించుకోరు.

4. నూనెలో పల్లీలు లోపలిదాకా వేగనిచ్చి, ఆవాలు, ఎండుమిర్చి, పుట్నాలు వేసి, చివర్లో కరివేపాకు వేయండి. చిటపటలు పూర్తిగా ఆగేదాకా ఉంచాలి. ఆ చప్పుడు ఆకులో నీరు పోతున్న చప్పుడే. ఇంగువ, పసుపు వేసి దించేయండి.

5. పోపు కాస్త చల్లారాక అటుకులు, ఉప్పు, ఆమ్‌చూర్ కలపండి. పులుపు కోసం నిమ్మరసం, చింతపండు గుజ్జు వద్దు. అల్లం, పచ్చిమిర్చి, ఉల్లిపాయ కూడా వద్దు. అన్నిట్లోనూ నీరే.

6. వెడల్పాటి పళ్లెంలో పరిచి పూర్తిగా చల్లార్చండి. గోరువెచ్చగా ఉండగా మూత పెడితే ఆవిరి పట్టి అంతా వృథా అవుతుంది.

ఇది 100 గ్రాముల చొప్పున ఏడు ప్యాకెట్లు వస్తుంది. తినేటప్పుడు ఒక ప్యాకెట్‌కి ముప్పావు గ్లాసు మంచినీళ్లు చల్లి, కలిపి మూత పెట్టండి. వేడి నీళ్లయితే ఐదు నిమిషాలు, చల్లటివైతే పావుగంట. పళ్లు లేని పెద్దవాళ్లుంటే పల్లీలు తగ్గించి కచ్చాపచ్చాగా దంచి వేయండి.

సత్తు పిండి

సద్దుల బతుకమ్మకు పల్లీలు, నువ్వులు, మక్కలతో సత్తు చేసే అలవాటు తెలంగాణ ఇళ్లలో ఉన్నదే. ఎమర్జెన్సీకి పుట్నాల సత్తు తేలిక. పుట్నాలు పావు కిలో, నువ్వులు 50 గ్రాములు విడివిడిగా వేయించి చల్లార్చి, మిక్సీలో ఆగి ఆగి తిప్పండి. జార్ వేడెక్కితే నువ్వుల నూనె బయటికొచ్చి ఉండ కడుతుంది. 100 గ్రాముల చక్కెర పొడి, నాలుగు యాలకులు కలపండి. బెల్లం రుచిగానే ఉంటుంది కానీ వానాకాలం చెమ్మ లాగుతుంది. షుగర్ ఉన్నవాళ్ల కోసం చక్కెర లేకుండా, వేయించిన జీలకర్ర, కొంచెం ఉప్పు వేసి వేరే ప్యాకెట్లు కట్టండి. నాలుగు చెంచాలు గ్లాసు నీళ్లలో కలిపి తాగితే కడుపు నిలబడుతుంది.

గ్యాస్ సిలిండర్ ఉన్న ఇంటివాళ్లు ఉప్మా రవ్వ కూడా ఇదే పద్ధతిలో పోపుతో వేయించి దాచుకోవచ్చు. మరిగే నీళ్లు రెండున్నర కప్పులకు ఒక కప్పు రవ్వ.

ఇది మాత్రం ఇంట్లో చేయకండి

వండిన పప్పు, మటన్ కూర, సాంబారు లాంటివి సీసాలో నింపి గాలి చొరకుండా మూత బిగించడం, వాక్యూమ్ కవర్లో సీల్ చేసి బయట అలమరలో పెట్టడం ప్రమాదం. క్లాస్ట్రిడియం బొట్యులినమ్ అనే బ్యాక్టీరియా గాలి లేని, తడి ఉన్న, పులుపు తక్కువ తిండిలోనే పెరుగుతుంది. దాని విషం నరాల మీద పనిచేస్తుంది, ప్రాణం తీయగలదు. వాసనలో, రుచిలో ఏ తేడా తెలియకపోవచ్చు. దాని బీజాలు 100 డిగ్రీల మరుగుకు చావవు. ఆవిరి ఒత్తిడిలో 121 డిగ్రీల దాకా, లెక్క ప్రకారం వేడి చేయాలి. బజార్లో దొరికే రెడీ టు ఈట్ కూరల ప్యాకెట్లు ఫ్యాక్టరీలో రిటార్ట్ యంత్రాల్లో అలా తయారైనవే. కూర కావాలనిపిస్తే అవి రెండు కొని పెట్టుకోండి, లేదా ఇంట్లో ఉన్న ఆవకాయ చాలు.

ప్యాకింగ్

లోపల అల్యూమినియం పొర ఉన్న కవర్లు మంచివి. బేగంబజార్‌లో ప్యాకింగ్ సామాను అమ్మే షాపుల్లో అడగండి. సీలింగ్ మెషీన్ కొనక్కర్లేదు, బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బా, దానిలో ఒక పూటకు ఒకటి చొప్పున జిప్ కవర్లు సరిపోతాయి. సీల్ చేసే ముందు మిక్స్‌ని ఒక గాజు సీసాలో వేసి, మూత పెట్టి ఒక రోజు చూడండి. మూత లోపల చెమ్మ కనిపిస్తే మళ్లీ వేయించాలి.

ప్రతి కవరు మీద చేసిన తేదీ, కలపాల్సిన నీళ్ల కొలత రాయండి. చీకట్లో మీ బదులు పిల్లలు కలపాల్సి రావచ్చు. డబ్బాను కింది అరలో కాకుండా అటక మీద పెట్టండి.

నీళ్ల లెక్క మర్చిపోతే ఇదంతా దండగ. తాగడానికి, కలుపుకోవడానికి మనిషికి రోజుకు మూడు లీటర్ల పైనే కావాలి. నలుగురున్న ఇంటికి మూడు రోజులకు రెండు 20 లీటర్ల క్యాన్లు ఎప్పుడూ నిండుగా ఉంచండి. వరద నీళ్లు కలిసిన సంపు నీళ్లతో మిక్స్ కలపొద్దు.

పల్లీలు, నువ్వులు ఉన్నవి రెండు నెలలు దాటితే పాత నూనె వాసన మొదలవుతుంది. కాబట్టి రెండు నెలలకోసారి పాత ప్యాకెట్లు ఆదివారం టిఫిన్‌కి తీసి తినేయండి, ఆ వారంలోనే కొత్తవి చేసి అదే డబ్బాలో పెట్టండి. వానాకాలంలో వంతు వస్తే ఎండ కాసిన రోజు చూసి, కొంచెం కొంచెంగా వేయించండి.