సెడార్ పాయింట్‌లో తొలి రోజు: ఏ కోస్టర్ ముందు, ఏది తరువాత

కడప నుంచి అమెరికాకు పిల్లల దగ్గరికి వెళ్ళే అవ్వాతాతలను, ఆ పిల్లలు ఒహాయోలో గానీ చుట్టుపక్కల గానీ ఉంటే, ఒక శనివారం సెడార్ పాయింట్ అనే వినోద పార్కుకు తీసుకొని వెళ్ళకుండా పంపరు. అక్కడ పెద్దలలో చాలామంది అందరి సంచులూ ఒళ్ళో పెట్టుకొని చెట్టు నీడన కూర్చుంటారు. తొలిసారి నేనూ అలాగే కూర్చున్నాను. రెండోసారి వెళ్ళినప్పుడు, అరవై దాటిన వయసులో, మూడు కోస్టర్లు, అంటే ఎత్తైన గుట్టల్లాంటి పట్టాల మీద పరుగెత్తే బండ్లు, ఎక్కి దిగాను. ఏది ముందు ఎక్కాలో తెలియడం వల్లనే అది సాధ్యమైంది. ఆ వరుసను మనవాళ్ళకు చెప్పాలన్న కోరికతో ఇది వ్రాస్తున్నాను.

అన్నింటికంటే ముందు ఆరోగ్యం. గుండె జబ్బు, అదుపులో లేని రక్తపోటు, మెడ లేదా నడుము నొప్పి, ఈ మధ్యే జరిగిన ఆపరేషన్ ఉన్నవారు, గర్భిణులు కోస్టర్ల జోలికి వెళ్ళకూడదు. ప్రయాణానికి ముందే ఇక్కడి డాక్టరును ఈ ఒక్క ప్రశ్న స్పష్టంగా అడిగి వెళ్ళండి. అక్కడికి వెళ్ళాక మనవడి బతిమాలింపు ముందు ఏ నిర్ణయమూ నిలబడదు.

ఈ పార్కు సాండస్కీ పట్టణం వద్ద, ఈరీ సరస్సులోకి చొచ్చుకొని పోయిన సన్నని నేల మీద ఉంది. సరస్సు అంటే మన చెరువును ఊహించుకోవద్దు. ఆవలి ఒడ్డు కంటికి ఆనదు. 1870లో స్నానాల రేవుగా మొదలైన ఈ చోట 1892లో తొలి కోస్టర్ వచ్చింది. దాని ఎత్తు 25 అడుగులు, వేగం గంటకు 10 మైళ్ళు మాత్రమే. ఆ తరువాత ఎత్తు పెరుగుతూ పోయింది: 1964లో కట్టిన బ్లూ స్ట్రీక్ 78 అడుగులు, 1978 నాటి జెమిని 125 అడుగులు, 1989 నాటి మాగ్నమ్ 205 అడుగులు, 2000 సంవత్సరపు మిలేనియం ఫోర్స్ 310 అడుగులు. పార్కు ఎదిగిన ఈ క్రమంలోనే మీరూ ఎక్కండి. గేటు తెరవగానే అతి పెద్ద కోస్టర్ వైపు పరుగెత్తాలని అనుభవజ్ఞులు చెబుతారు. క్యూ తప్పించుకోవడానికి అది మంచి సలహాయే గానీ, తొలిసారి ఎక్కేవారికి కాదు. పరుగెత్తేవారిని వెళ్ళనిచ్చి, మీరు ఒక తోడుతో ముందుభాగంలోనే ఉన్న బ్లూ స్ట్రీక్ దగ్గరకు నడవండి.

బ్లూ స్ట్రీక్ చెక్కతో కట్టినది. గొలుసు బండిని పైకి లాగుతున్నప్పుడు కింద నుంచి టకటక శబ్దం వస్తుంది. బండి వెనక్కి జారకుండా పట్టే కొక్కెం చేసే చప్పుడు అది. విన్నప్పుడు భయపడకుండా ధైర్యం తెచ్చుకోండి. శిఖరం దాటాక బండిని నడిపేది భూమి ఆకర్షణ ఒక్కటే. అందుకే మొదటి గుట్ట అన్నింటికంటే ఎత్తుగా ఉంటుంది, రాపిడికీ గాలికీ కొంత శక్తి పోతున్నకొద్దీ తరువాతి గుట్టలు తగ్గుతూ వస్తాయి. మొదటి దిగుడు దాటారంటే కష్టమైన భాగం గడిచినట్టే. గుట్ట కొన మీద ఒళ్ళు సీటును వదలి తేలినట్లు ఉంటుంది. పల్లెదారి బస్సు కల్వర్టు మీద ఎగిరినప్పుడు కడుపులో కలిగేదే అది, కాకపోతే ఇంకాస్త ఎక్కువసేపు. తొలిసారి మధ్య పెట్టెలో కూర్చోండి. శిఖరం దాటేటప్పుడు ముందు పెట్టెలు చివరి పెట్టెను ఒక్కసారిగా లాగివేస్తాయి, కనుక చివరిది అప్పుడే వద్దు. తల సీటుకు ఆనించి, కళ్ళు తెరచి, పట్టా ఎటు తిరుగుతున్నదో చూస్తూ ఉంటే శరీరం ముందుగానే సిద్ధపడుతుంది. ఊపిరి బిగబట్టకండి, అరవాలనిపిస్తే అరవండి.

దిగాక తల తిరగకపోతే జెమినికి వెళ్ళండి. రెండు బండ్లు పక్కపక్కన పోటీ పడతాయి కాబట్టి పక్క బండిలోని మనవరాలిని చూస్తూ భయం మరచిపోతారు. ఇక్కడ వరుసను ఒకచోట మార్చమంటాను. తరువాతిది మాగ్నమే అయినా, దాని తిరుగుదారిలోని చిన్న గుట్టలు మనిషిని గట్టిగా ఎగరేసి తొడలను ఒళ్ళో బిగించే కడ్డీకి కొడతాయి. మిలేనియం ఫోర్స్ ఎంతో ఎత్తయినా నున్నగా సాగుతుంది. గొలుసుకు బదులు ఉక్కు తాడు లాగుతుంది గనుక త్వరగా పైకి చేరుతుంది, గంటకు 93 మైళ్ళ వేగంతో దిగుతుంది. గండికోట లోయ అంచున నిలబడి కింద పెన్నను చూసినప్పుడు కాళ్ళలో పుట్టే జలదరింపు దాని శిఖరం మీద నాకు గుర్తుకు వచ్చింది. మోకాళ్ళు బలంగా లేనివారు మాగ్నమ్ వదిలి దీనికే వెళ్ళడం మేలు. 420 అడుగుల టాప్ థ్రిల్ 2 అనే కోస్టర్‌ను పడుచువారికి వదిలేయండి. దానికి 52 అంగుళాలు, మిలేనియం ఫోర్స్‌కు 48 అంగుళాలు ఎత్తు ఉండాలి. పిల్లలను ఇంట్లోనే కొలిచి తీసుకొని వెళితే క్యూ చివర కన్నీళ్ళు ఉండవు.

చీర కొంగు, చున్నీ, పంచె ఈ రోజుకు పనికిరావు. ప్యాంటు, వెనుక పట్టీ ఉన్న చెప్పులు లేదా బూట్లు వేసుకోండి. కళ్ళజోడుకు తాడు కట్టండి. ఫోన్లు, తాళాలు లాకరులో పెట్టండి. బయటి తిండి లోపలికి రానివ్వరు కనుక పులిహోర కారులో ఉంచి, మధ్యాహ్నం బయటకు వచ్చి తినండి. మళ్ళీ లోపలికి రావడానికి ఏం చేయాలో ముందే గేటు దగ్గర అడగండి. తిన్నాక గంటసేపు ఏదీ ఎక్కకుండా 1963 నుంచి నడుస్తున్న ఆవిరి రైలులో కూర్చోండి. ఉరుములు, గట్టి గాలి వస్తే కోస్టర్లు ఆపేస్తారు కాబట్టి వాతావరణం చూసుకొని రోజు ఎంచుకోండి. మే నెలలోనూ అక్టోబరులోనూ సాయంత్రం సరస్సు మీది గాలి కడప ఎండకు అలవాటుపడిన ఒంటిని వణికిస్తుంది, స్వెటరు మరవవద్దు.

కోస్టర్ ఎక్కలేనివారూ పొద్దు వాలే వేళకు జెయింట్ వీల్ దగ్గరకు రండి. మన తిరునాళ్ళ రంగులరాట్నం ఎక్కినవారికి అది కొత్త కాదు. పైకి చేరినప్పుడు ఒకవైపు సరస్సు, మరోవైపు మీరు ఎక్కిన కోస్టర్లన్నీ కనబడతాయి; ఏది ఏదో మనవళ్ళను అడిగి పేర్లు చెప్పించుకోండి.