హెచ్‌టీటీపీఎస్ డౌన్‌లోడ్ మొరాయిస్తోందా? ముందు డబ్బాలో తేదీ చూడండి

రౌటర్లు, రాస్ప్‌బెరీ పైలు, బిజీబాక్స్ (లినక్స్ కమాండ్ల చిన్న మూట) మీద నడిచే చిన్నచిన్న డబ్బాలు... వీటికి అప్‌డేట్లు దిగడం లేదని నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో సగానికి పైగా ఒక్క కమాండుతో తేలిపోతాయి. అదొక్కటే ఎవరూ కొట్టరు.

సమస్య: ఫైళ్లు దింపే కమాండు కర్ల్ 60 నంబరు ఎర్రర్ ఇచ్చి ఆగిపోతోంది

డేట్ అని కొట్టండి. మిగతావన్నీ తర్వాత.

ఈ డబ్బాల్లో చాలావాటికి గడియారం బ్యాటరీ ఉండదు. కరెంటు పోయి వస్తే కొన్ని 1970 జనవరి 1 దగ్గర లేస్తాయి. అది నయం, చూడగానే దొరికిపోతుంది. రౌటర్లలో వేసే లినక్స్ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అయితే ఈటీసీ ఫోల్డర్లో అన్నిటికంటే కొత్త ఫైలు తేదీని పట్టుకుని లేస్తుంది. నెల, సంవత్సరం నమ్మేలాగే ఉంటాయి కానీ నాలుగు నెలలు వెనక. సర్వర్ తానెవరో చూపించే సర్టిఫికెట్‌కు మొదలయ్యే తేదీ, గడువు తేదీ ఉంటాయి. మొన్న జారీ అయిన సర్టిఫికెట్ ఆ డబ్బా లెక్కలో ఇంకా పుట్టనే లేదు.

నెట్ నుంచి టైం తెచ్చే ఎన్‌టీపీడీతో టైం సరిచేసి మళ్లీ ప్రయత్నించండి. దానికి కావాల్సిన యూడీపీ 123 పోర్టు మూసేసిన నెట్‌వర్క్ అయితే డేట్ కమాండుతో చేత్తో పెట్టండి, తర్వాత డీఎస్3231 గడియారం మాడ్యూల్ ఒకటి తగిలించండి.

తేదీ సరిగ్గా ఉండీ 60 వస్తుంటే చాలాసార్లు సీఏ (సర్టిఫికెట్లు జారీ చేసే సంస్థలు) సర్టిఫికెట్ల కట్ట పాతది. 2021 సెప్టెంబర్ 30న ఉచితంగా సర్టిఫికెట్లిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాడిన పాత రూట్ (మూల సర్టిఫికెట్) గడువు తీరినప్పుడు ఎన్నో పాత డబ్బాలు ఒకేసారి ఇలాగే మొండికేశాయి. 77 వస్తే ఆ కట్ట లేనే లేదు, లేదా చదవడం కుదరడం లేదు. సీఏ-బండిల్ ప్యాకేజీ వేస్తే సరి.

సమస్య: డౌన్‌లోడ్ అయ్యింది, టార్ (ఫైళ్ల మూట విప్పే కమాండు) విప్పనంటోంది

దీని దగ్గర కాస్త ఆగుతాను, నాకు చెయ్యి కాలింది ఇక్కడే.

గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో టెంపరేచర్ నమోదు చేసే డబ్బా పెట్టాను. కర్ల్ 60 ఇచ్చింది, బిజీబాక్స్‌లోని డౌన్‌లోడ్ కమాండు డబ్ల్యూగెట్‌తో అదే ఫైలు టక్కున దిగింది. స్క్రిప్టులో కర్ల్ తీసేసి డబ్ల్యూగెట్ పెట్టాను. తేదీ చూడలేదు. కొన్ని నెలలకు డబ్బా చచ్చిపోయింది. వెళ్లి చూస్తే 2 ఎంబీ ఉండాల్సిన అప్‌డేట్ ఫైలు 3 కేబీ ఉంది. హెడ్ కొడితే మొదటి వరసలోనే డాక్‌టైప్ హెచ్‌టీఎంఎల్. కింద "మీ ప్లాన్ గడువు ముగిసింది, రీచార్జ్ చేయండి". నెట్ బిల్లు కట్టలేదు, నెట్ ఇచ్చేవాళ్లు మన సర్వర్ పేరు మీద తమ పేజీ పంపారు. డబ్ల్యూగెట్ దాన్ని తీసుకుని సున్నా ఎగ్జిట్ కోడ్ (అంతా సవ్యం అని) ఇచ్చింది. స్క్రిప్టు పాత ప్రోగ్రాం చెరిపేసి దీన్ని విప్పబోయింది.

బిజీబాక్స్‌లో ఉన్న సొంత టీఎల్ఎస్ (హెచ్‌టీటీపీఎస్ వెనకుండే రక్షణ) కోడ్ సర్టిఫికెట్‌ను సరిచూడదు. మాటలు ఎవరికీ వినపడకుండా దాస్తుంది, కానీ అవతల ఉన్నది ఎవరో అడగదు. దీనికి 2018లోనే సీవీఈ నంబరు (బయటపడ్డ భద్రతా లోపాలకిచ్చేది) పడింది. ఆ తర్వాత వెర్షన్లు సర్టిఫికెట్ తనిఖీ లేదని ఒక వరస చెబుతాయి. నా స్క్రిప్టు ఎర్రర్లన్నీ డెవ్-నల్‌లోకి, అంటే చెత్తబుట్టలోకి తోసేస్తోంది, ఇక ఆ వరస ఎవరు చదువుతారు? రీచార్జ్ పేజీ వచ్చింది కాబట్టి టార్ ఆపింది. దాని బదులు ఎవరైనా సరైన టార్ ఫైలు పంపి ఉంటే అది రూట్ హక్కులతో నడిచేది.

మీ డబ్బా సంగతి తేల్చుకోవడానికి, కావాలనే నమ్మదగని సర్టిఫికెట్ పెట్టిన సెల్ఫ్-సైన్డ్ డాట్ బ్యాడ్‌ఎస్ఎస్ఎల్ డాట్ కామ్ నుంచి పేజీ తెప్పించండి. గొణిగినా సరే, దిగిందంటే తనిఖీ లేనట్టే. నో-చెక్-సర్టిఫికెట్ ఆప్షన్ పెట్టినా సరిగ్గా ఇదే స్థితి.

జాగా ఉంటే కర్ల్, సీఏ-బండిల్ వేయండి. కానీ ఆ కట్ట ఒక్కటే 200 కేబీ పైచిలుకు, టీఎల్ఎస్ లైబ్రరీ అదనం. 4 ఎంబీ ఫ్లాష్ ఉన్న రౌటర్లో అది భారమే. అలాంటి చోట నేను దారి మీద నమ్మకం వదిలేసి ఫైలుకే సంతకం పెడతాను. తయారు చేసే మెషీన్లో యూసైన్ అనే టూల్‌తో డిజిటల్ సంతకం, డబ్బాలో దాన్ని సరిచూసే పబ్లిక్ కీ. ఎడ్25519 రకానికి చెందిన ఆ కీ 32 బైట్లే. దీనికి గడియారంతో పనిలేదు, తేదీ 1970 అయినా సంతకం సరిపోతుంది. సంతకం కుదిరాకే విప్పాలి, కొత్తది లేచాకే పాతది చెరపాలి.

దీనిలోనూ రెండు లోట్లున్నాయి. సంతకమున్న పాత, లోపాలున్న వెర్షన్ను ఎవరైనా మళ్లీ పంపొచ్చు, అందుకని వెర్షన్ నంబరు కూడా సంతకం లోపలే ఉంచి, తక్కువ నంబరు వస్తే తిప్పికొట్టండి. రెండోది, సంతకం దేన్నీ దాచదు. యూఆర్ఎల్‌లో పాస్‌వర్డో టోకెనో ఉంటే తనిఖీ ఉన్న టీఎల్ఎస్ తప్పదు. ఇక షా256 (ఫైలు వేలిముద్ర లాంటి చెక్‌సమ్) ఫైలును కూడా అదే దారిలో దింపుకుని పోల్చుకునేవాళ్లున్నారు. ఫైలు మార్చగలిగినవాడు దాన్నీ మారుస్తాడు.

అరుదుగా వచ్చేవి

35 వస్తే చాలాసార్లు టీఎల్ఎస్ వెర్షన్లు కలవలేదు, ఫర్మ్‌వేర్ కొత్తది వేయండి. టీఎల్ఎస్ మొదలయ్యే హ్యాండ్‌షేక్ మధ్యలో వేలాడిపోతే ఎంటీయూ (ఒక్కో ప్యాకెట్ గరిష్ఠ సైజు) తగ్గించి చూడండి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ 18.06.7 కన్నా, 19 వరసలో 19.07.1 కన్నా పాతదైతే అందులో ప్యాకేజీలు వేసే ఓపీకేజీని నమ్మకండి. చెక్‌సమ్ ముందు ఒక ఖాళీ ఉన్నందుకే అది తనిఖీ మానేసేది. అప్‌డేట్ చేశాకే ప్యాకేజీలు వేయండి.